రోటెన్‌బుర్గ్ కోట ఊరికి అమ్మానాన్నలతో వెళ్లాలనుకుంటున్నాము: ఒక రాత్రి ఉండటం అవసరమా?

గోదావరి గట్టు

అందరికీ నమస్కారం. మేము నాలుగేళ్లుగా జర్మనీలో, న్యూరెంబర్గ్ పక్కనున్న ఎర్లాంగెన్‌లో ఉంటున్నాము. జూన్ మొదట్లో రాజమండ్రి నుంచి మా అమ్మానాన్నలు వస్తున్నారు. నాన్నగారు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. "పారిస్ టవరూ వద్దు, స్విస్ మంచూ వద్దు. చుట్టూ కోటగోడ నిలిచి ఉండి, లోపల ఇప్పటికీ మనుషులు కాపురాలు చేసుకుంటున్న పాత ఊరు ఒకటి చూపించమ్మా, చాలు" అని ఫోనులో ఇప్పటికి నాలుగుసార్లు చెప్పారు. వెతగ్గా వెతగ్గా మాకు దగ్గరలోనే రోటెన్‌బుర్గ్ ఓబ్ డేర్ టౌబర్ కనిపించింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఇన్నాళ్లూ ఇక్కడే ఉండి మేమూ ఆ ఊరు చూడలేదు.

జూన్ రెండో వారంలో బుధ, గురువారాలు సెలవు పెట్టుకున్నాము. కారు లేదు, రైలులోనే వెళ్లాలి. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయవచ్చని కొందరు, ఒక రాత్రి ఉంటేనే ఆ ఊరు చూసినట్టని కొందరు చెబుతున్నారు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. పోయిన ఏడాది గోల్కొండకు తీసుకువెళితే సగం మెట్ల దగ్గరే కూర్చుండిపోయి, "మీరు పైకి వెళ్లి రండి, నేను ఇక్కడ గాలి పోసుకుంటాను" అంది. అందుచేత కోటగోడ మీద నడక ఆమెకు సాధ్యమవుతుందా అన్నది మొదటి సందేహం. అమ్మ గుడ్డు కూడా ముట్టదు కాబట్టి తిండి సంగతి రెండోది. ఇక మూడోది నాన్నగారికి సంబంధించినది. మా ఆఫీసులో ఒక జర్మన్ సహోద్యోగి "అదంతా యుద్ధం తర్వాత మళ్లీ కట్టింది, పర్యాటకుల కోసం పేర్చిన బొమ్మల కొలువు" అన్నారు. ఆ మాట నిజమైతే నాన్నగారు నిరుత్సాహపడతారు. వెళ్లినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పెగ్నిట్స్ ఒడ్డు

గోదావరి గట్టు గారూ, నేను తొమ్మిదేళ్లుగా న్యూరెంబర్గ్‌లో ఉంటున్నాను. చుట్టాలు వచ్చినప్పుడల్లా వెంటబెట్టుకుని వెళ్లడం వల్ల రోటెన్‌బుర్గ్‌కు ఇప్పటికి ఏడుసార్లు వెళ్లి ఉంటాను. మొదటి రెండుసార్లు పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేశాను. ఆ రెండుసార్లూ ఊరు నాకు నచ్చలేదు. మూడోసారి ఆఖరి రైలు తప్పిపోవడంతో అక్కడే ఉండవలసి వచ్చింది. నేను ఆ ఊరిని నిజంగా చూసింది ఆ రాత్రే.

కారణం చెబుతాను. పది, పదకొండు గంటల మధ్య బస్సులు వరసగా వచ్చి కోటగోడ బయట ఆగుతాయి. మధ్యాహ్నమంతా మార్కెట్ కూడలిలోను, అక్కడి నుంచి దక్షిణంగా ప్లోన్‌లైన్ అనే చిన్న కూడలికి దిగే వీధిలోను జనం తిరునాళ్లలాగా ఉంటారు. సాయంత్రం అయిదు దాటేసరికి ఆ బస్సులన్నీ వెళ్లిపోతాయి. ఆరింటికి అదే వీధిలో ఒక పెద్దావిడ కిటికీ గట్టు మీది పూలకుండీలకు నీళ్లు పోస్తూ ఉంటుంది, మీ చెప్పుల చప్పుడు మీకే వినిపిస్తుంది. ఊరి మొత్తం జనాభా దాదాపు 11,000. అందులో గోడ లోపల కాపురం ఉండేవారు కొంతమందే. మీ నాన్నగారు అడిగిన "మనుషులు కాపురాలు చేసుకుంటున్న ఊరు" సాయంత్రం ఆరు నుంచి మరునాడు ఉదయం తొమ్మిదిన్నర వరకు మాత్రమే కనిపిస్తుంది. అందుచేత రాత్రి ఉండండి. అంతేకాదు, బుధవారం పొద్దున్నే హడావుడిగా బయలుదేరకండి. మధ్యాహ్నం మూడింటికి అక్కడికి చేరేలా చూసుకుని, గురువారం మధ్యాహ్నం వెనక్కి రండి. అందరూ వెళ్లిపోయే వేళకు మీరు చేరతారు, అందరూ వచ్చే వేళకు మీరు బయలుదేరతారు.

రైలు సంగతికి వస్తే, న్యూరెంబర్గ్ నుంచి ఆన్స్‌బాఖ్ మీదుగా ష్టైనాఖ్ చేరి, అక్కడ చిన్న రైలు ఎక్కితే పావుగంటలో రోటెన్‌బుర్గ్. 1873లో వేసిన ఈ శాఖా లైను అక్కడితో ఆగిపోతుంది కాబట్టి దిగే స్టేషను తప్పిపోయే భయం లేదు. మీ దంపతులకు నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉండే ఉంటుంది, అది ఈ రైళ్లన్నిటిలోనూ చెల్లుతుంది. మీ అమ్మానాన్నల కోసం నెలవారీ చందా కట్టి, తర్వాత రద్దు చేయడం మరచిపోయి బాధపడేకంటే, ఇద్దరికీ కలిపి ఏ రోజుకారోజు బయర్న్ టికెట్, అంటే బవేరియా రాష్ట్రంలో ఒకరోజు చెల్లే టికెట్ కొనండి. పనిదినాల్లో అది ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది. పైన చెప్పిన వేళలు పాటిస్తే ఆ నిబంధన మీకు అడ్డు రాదు.

స్టేషను నుంచి కోటగోడ వరకు పది నిమిషాల నడక, చదునైన దారి. తూర్పున ఉన్న ర్యోడర్ ద్వారం గుండా లోపలికి వెళతారు. అక్కడి నుంచి రాళ్లు పరిచిన వీధులు మొదలవుతాయి. చక్రాల సూట్‌కేసు ఆ రాళ్ల మీద చేసే గోలకు ఊరు ఊరంతా లేస్తుంది కాబట్టి, వీపు సంచీలలో సర్దుకుని వెళ్లండి. మీ అమ్మగారు సన్నని అడుగున్న చెప్పులు కాకుండా బూట్లు వేసుకోవాలి, ఈ ఒక్క విషయంలో మొహమాటపడవద్దని చెప్పండి.

బస గురించి ఒక చేదు అనుభవం చెప్పాలి. మా అత్తగారిని తీసుకువెళ్లినప్పుడు, గోడ లోపల నాలుగువందల ఏళ్ల నాటి కలప చట్రాల ఇంట్లో ఒక అతిథి గృహం ముచ్చటగా ఉందని ఫొటో చూసి తీసుకున్నాను. గది మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. నిచ్చెన కంటే కొంచెం నయం అనదగ్గ మెట్లు. ఆవిడ ఆ రెండు రోజులూ నాతో ముక్తసరిగానే మాట్లాడారు. గది తీసుకునేటప్పుడు "లిఫ్టు ఉందా, లేకపోతే కింది అంతస్తు ఇస్తారా" అని రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.

ఇక కోటగోడ. ప్రాకారం మీద నడవగలిగిన భాగం దాదాపు రెండున్నర కిలోమీటర్లు ఉంటుంది. రుసుము లేదు, టికెట్టు లేదు. లోపలి వైపు గోడకు ఆనించి కట్టిన నడవా అది. పైన పెంకుల కప్పు, పక్కన చెక్క కటకటాలు, కింద రాతి పలకలు. ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు గోడకు ఒత్తిగిలి దారివ్వాలి. పొడుగుపాటి వారికి కప్పు దూలాలు తగులుతాయి. మా తమ్ముడికి నుదుటి మీద బొప్పి కట్టింది. మెట్లు నిటారుగా ఉంటాయి, కానీ గోల్కొండలో లాగా వందల కొద్దీ ఉండవు. ఒక అంతస్తు ఎక్కినంతే. ద్వారాల దగ్గరా, మధ్యమధ్యా దిగడానికి మెట్లు ఉన్నాయి కాబట్టి ఎక్కితే చివరిదాకా నడిచి తీరాలన్న నియమం లేదు. ర్యోడర్ ద్వారం దగ్గర ఎక్కి, ఉత్తరంగా నడిచి, గాల్గెన్ ద్వారం దగ్గర దిగడం మీ అమ్మగారికి సరిపోతుంది. అదీ కష్టమనిపిస్తే మరో మార్గం ఉంది. గోడ వెంబడి కింద ఒక సన్నని సందు సాగుతూ ఉంటుంది. మా అమ్మ ఆ సందులో నడుస్తూ, పైన నడవాలో నడుస్తున్న మాతో కబుర్లు చెప్పింది. ఇళ్ల పెరళ్లు, ఆరేసిన బట్టలు, గోడవారగా పేర్చిన కట్టెలు అన్నీ ఆమెకే బాగా కనిపించాయి. పైనున్న మాకు మాత్రం పెంకుల కప్పులే మిగిలాయి.

పురపాలక భవనం గోపురానికి 220 మెట్లు ఉన్నాయి, చివర్లో ఇరుకైన నిచ్చెన. మీ నాన్నగారికి ఓపిక ఉంటే ఎక్కనివ్వండి, అమ్మగారు కింద కూడలిలో కాఫీ తాగుతూ కూర్చోవచ్చు. సూర్యాస్తమయం వేళకు మాత్రం అందరూ కలిసి బుర్గ్‌గార్టెన్‌కు వెళ్లండి. ఒక్క మెట్టు కూడా ఎక్కనక్కర లేదు. 1142లో రాజు మూడవ కొన్రాడ్ అక్కడ కోట కట్టించాడు. 1356 భూకంపంలో అది కూలిపోయింది. ఇప్పుడు అది తోట, పాత కట్టడాల్లో ఒక చిన్న ప్రార్థనా మందిరం మాత్రం మిగిలింది. పిట్టగోడ దగ్గర నిలబడితే కింద టౌబర్ లోయ, ఏటి మీద రెండంతస్తుల వంతెన కనిపిస్తాయి. ఊరి పేరులోని "ఓబ్ డేర్ టౌబర్" అంటే టౌబర్ ఏటికి ఎగువన అని. ఎందుకలా పిలిచారో అక్కడ నిలబడినప్పుడే తెలుస్తుంది.

మినపట్టు మాణిక్యం

తిండి విషయం నేను చెబుతాను. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో గుడ్డు లేకుండా బతుకుతున్న అనుభవం నాది.

ముందుగా ఆ ఊరి ప్రసిద్ధ మిఠాయి ష్నేబాల్, అంటే మంచు ముద్ద. ప్రతి అద్దాల బీరువాలోనూ బత్తాయి కాయంత గోళాలుగా కనిపిస్తుంది. పిండిని అప్పడంలా ఒత్తి, పట్టీలుగా కోసి, ఆ పట్టీలను అల్లిబిల్లిగా చుట్టి, గుండ్రని ఇనుప పటకారులో బిగించి నూనెలో దేవుతారు. పైన పంచదార పొడి చల్లుతారు. చూస్తే పాకం పట్టని మడత కాజా వరస. అమ్మగారు మన పిండివంటే కదా అనుకుని చెయ్యి చాపుతారు, కానీ అందులో గుడ్డు ఉంటుంది, సంప్రదాయంగా కలిపేటప్పుడు కొంచెం ప్లమ్ పండ్ల సారా కూడా పోస్తారు. మీరు తింటే ఒకటి కొని నలుగురూ పంచుకోండి. నా మట్టుకు నాకు అది నోటికంటే కంటికే బాగుంటుంది.

రోటెన్‌బుర్గ్ ఉన్న ఫ్రాంకోనియా ప్రాంతంలో శాకాహారం అనగానే తెచ్చిపెట్టే కేజె ష్పెట్స్‌లె (చీజ్ వేసిన నూడుల్స్ లాంటివి), రొట్టె ముద్దలు, బంగాళాదుంప అట్లు, వీటన్నిటిలోనూ సాధారణంగా గుడ్డు పడుతుంది. బంగాళాదుంప సలాడ్‌లో చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లు కలుపుతారు, మెనూలో ఆ మాట రాయరు. పప్పు చారు కనిపించిందని సంబరపడకండి, దానిలో పంది మాంసం ముక్కలు వేయడం మామూలే. అందుచేత "ఫెగెటారిష్" అని ఒక్క మాట చెప్పి ఊరుకోవద్దు. "ఓనె ఫ్లైష్, ఓనె ఐ" అని, అంటే మాంసం లేకుండా, గుడ్డు లేకుండా అని, విడివిడిగా చెప్పండి.

మీ అదృష్టం ఏమిటంటే మీరు వెళ్లేది తెల్ల ఆస్పరాగస్ అనే కాడల కూరగాయ కాలంలో. జర్మన్లు ష్పార్గెల్ అనే ఈ పంటను జూన్ 24 వరకే కోస్తారు, అది ఇక్కడి ఆనవాయితీ. అన్ని భోజనశాలల్లోనూ ఉడికించిన ష్పార్గెల్, ఉడికించిన బంగాళాదుంపలు దొరుకుతాయి. పైన హాలండేజ్ సాస్ పోస్తారు, అందులో గుడ్డు సొన ఉంటుంది. దానికి బదులు కరిగించిన వెన్న ఇమ్మని అడగండి. అమ్మగారి సంచిలో ఒక చిన్న సీసాడు కారప్పొడి ఉంటే ఆ పూట పండగే. రెండో పూటకు పులిహోర కట్టుకు వెళ్లడం ఎలాగూ ఆవిడకే తెలుసు, ఒకరు చెప్పాల్సిన పని కాదు. బుర్గ్‌గార్టెన్ బల్లల మీద కూర్చుని తినవచ్చు.

ఇక్కడ హోటలులో మంచినీళ్లు అడగకుండా పెట్టరు, సీసా కొనాలి. మరుగుదొడ్లకు చిల్లర నాణేలు దగ్గర ఉంచుకోండి.

పాతరాళ్లు

మీ సహోద్యోగి మాట సగం నిజం, సగం అన్యాయం. మీ నాన్నగారు చరిత్ర చెప్పినవారు కాబట్టి ఆయనకు ఉపయోగపడేలా కొంచెం విస్తరించి రాస్తాను.

రోటెన్‌బుర్గ్ 1274లో రుడాల్ఫ్ రాజు నుంచి పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో స్వతంత్ర సామ్రాజ్య నగరం హోదా పొందింది. అంటే మధ్యలో ఏ జమీందారూ, ఏ డ్యూకూ లేకుండా నేరుగా చక్రవర్తికి మాత్రమే జవాబుదారీగా ఉండే పట్టణం. ఈ చిన్న ఊరికి ఇంత గోడ ఎందుకన్న ప్రశ్నకు సమాధానం ఆ హోదాలోనే ఉంది. తమ రక్షణ తామే చూసుకోవాలి మరి. ఊరు పెరిగినప్పుడల్లా గోడను బయటికి జరుపుకుంటూ పోయారు. ర్యోడర్ వీధిలో మార్కెట్ వైపు నడుస్తుంటే, దారికి అడ్డంగా మార్కుస్ గోపురం, దాని పక్కన ఒక కమాను వస్తాయి. అందరూ ఫొటో తీసుకుని ముందుకు పోతారు. నాన్నగారిని అక్కడ ఒక్క నిమిషం ఆపండి. అది మొదటి కోటగోడలోని గోపురం. ఉత్తరాన ఉన్న తెల్ల గోపురం కూడా ఆ వరసలోదే. మొదటి అగడ్తను పూడ్చిన చోట తర్వాత ఇళ్లు లేచాయి. దక్షిణాన ఆసుపత్రి పేట ఆ తర్వాత కలిసింది. దాని చివరన ష్పిటాల్ బురుజు ఫిరంగుల కాలానిది. లోపల రెండు కోడిగుడ్డు ఆకారపు ఆవరణలు ఎనిమిది అంకెలా కలిసి ఉంటాయి. ఒక ద్వారం పగలగొట్టి లోపలికి వచ్చిన శత్రువు మరో ద్వారం ముందు ఇరుక్కుపోవాలని అలా కట్టారు. ఆ ద్వారం మీద లాటిన్‌లో ఒక వాక్యం చెక్కి ఉంటుంది. వచ్చేవారికి శాంతి, వెళ్లేవారికి క్షేమం అని దాని భావం.

ఊరు అలాగే ఎందుకు మిగిలిపోయిందంటే, దరిద్రం వల్ల. 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్పై ఏళ్ల యుద్ధంలో ఊరు చితికిపోయింది. ఆ తర్వాత పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకునే స్తోమత ఎవరికీ లేకపోయింది. 1802లో బవేరియాలో కలిసిపోయింది. పందొమ్మిదో శతాబ్దంలో చిత్రకారులు వచ్చి, ఇదేమిటి, కాలం ఇక్కడ ఆగిపోయిందే అని బొమ్మలు గీయడం మొదలుపెట్టాక జనం రాసాగారు.

ఇప్పుడు మీ సహోద్యోగి అన్న మాట. 1945 మార్చి 31న అమెరికన్ విమానాలు ఊరి మీద బాంబులు వేశాయి. 39 మంది చనిపోయారు, 306 ఇళ్లు, తొమ్మిది గోపురాలు, ఏడువందల మీటర్లకు పైగా కోటగోడ దెబ్బతిన్నాయి. దెబ్బ ఎక్కువగా తగిలింది తూర్పు భాగానికి. అమెరికా సహాయ యుద్ధ కార్యదర్శి జాన్ మెక్లాయ్‌కి ఈ ఊరి అందం గురించి తన తల్లి ద్వారా తెలుసు. ఆయన చెప్పిన మీదట, ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యం ఊరి దాకా వచ్చినప్పుడు ఫిరంగులు పేల్చకుండా లొంగుబాటు కోరారు, ఊరు పోరాటం లేకుండా లొంగిపోయింది. మార్కెట్‌కు పడమటగా ఉన్న భాగం, సెయింట్ యాకోబ్ చర్చి, ప్లోన్‌లైన్ అలా దక్కాయి.

తూర్పు గోడను మళ్లీ కట్టడానికి ప్రపంచం నలుమూలల నుంచి చందాలు వచ్చాయి. నడవాలో వెళుతుంటే గోడలో పొదిగిన రాళ్ల మీద ఆ దాతల పేర్లు కనిపిస్తాయి. జర్మన్ పేర్లతో పాటు అమెరికన్ పేర్లు, జపాన్ పేర్లు బోలెడు. మన దేవాలయాల్లో మెట్ల మీద, ఫ్యానుల మీద దాతల పేర్లు రాయించుకున్నట్టే. పైన పెగ్నిట్స్ ఒడ్డు గారు మీ అమ్మగారికి సూచించిన భాగం సరిగ్గా ఇదే. మళ్లీ కట్టారన్న సంగతిని ఆ ఊరు దాచుకోలేదు, గోడ మీదే చెక్కి పెట్టుకుంది. మీ నాన్నగారికి ముందుగా ఇదంతా చెప్పకండి. ఆ పేర్లు చూసి ఆయనే అడుగుతారు, అప్పుడు చెప్పండి.

బొమ్మల కొలువు అన్న మాట నాకు గుర్తొచ్చేది మాత్రం కూడలిలోని గడియారం దగ్గర. 1631లో, ముప్పై ఏళ్ల యుద్ధంలో, కాథలిక్ కూటమి సేనాని టిల్లీ ఊరిని పట్టుకున్నప్పుడు, మేయరు నుష్ మూడుంపావు లీటర్ల ద్రాక్షసారా ఒక్క గుక్కలో తాగి ఊరిని కాపాడాడని కథ. కథే, చరిత్ర కాదు. గంట కొట్టినప్పుడు రెండు కిటికీలు తెరుచుకుని రెండు బొమ్మలు వస్తాయి, ఒకటి గిన్నె ఎత్తుతుంది, అంతే. దానికోసం అరగంట ముందు నుంచి జనం మెడలు నిక్కించి నిలబడతారు. మీరు నిలబడవద్దు.

ఆ అరగంట సెయింట్ యాకోబ్ చర్చికి కేటాయించండి. ప్రవేశ రుసుము ఉంటుంది. శిల్పి టిల్మన్ రీమెన్‌ష్నైడర్ 1500 ప్రాంతంలో మొదలుపెట్టి 1505 నాటికి పూర్తిచేసిన పవిత్ర రక్త పీఠం పడమటి వైపు పై అంతస్తులో ఉంది. మెట్లు ఎక్కాలి, అమ్మగారు నెమ్మదిగా ఎక్కినా ఫరవాలేదు, ఎక్కించండి. లిండెన్ కర్రలో చెక్కిన క్రీస్తు చివరి విందు అది. రంగులు పూయలేదు. వెనుక చిన్న కిటికీల నుంచి వెలుతురు ఆ బొమ్మల మధ్యగా పడుతుంది. చిత్రంగా నడిమధ్య నిలబడింది క్రీస్తు కాదు, డబ్బు సంచీ పట్టుకున్న జూడాస్, ఆయనను పట్టిచ్చిన శిష్యుడు. క్రీస్తు పక్కకు ఒదిగి అతనికి రొట్టె అందిస్తున్నాడు. మన తిరునాళ్లలో కొయ్య బొమ్మలు చెక్కేవారిని చూసిన కంటికి, ఆ చేతుల మీది నరాలు, ముడతలు చూస్తే ఉలి ఎంత తేలిగ్గా ఆడిందో అర్థమవుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ ఊరిలో యూదుల వీధి ఉంది. పదమూడో శతాబ్దంలో రబ్బీ మేయిర్ బెన్ బరూఖ్ అక్కడ బోధించిన రోజుల్లో దూరప్రాంతాల నుంచి విద్యార్థులు వచ్చేవారు. 1298లో ఆ సమాజాన్ని ఊచకోత కోశారు, 1520 నాటికి మిగిలినవారిని వెళ్లగొట్టారు. తర్వాత ఎప్పుడో తిరిగి వచ్చి స్థిరపడిన కుటుంబాలను 1938 అక్టోబరులో మళ్లీ తరిమేశారు. నాజీలు ఈ ఊరిని ఆదర్శ జర్మన్ పట్టణంగా ప్రచారం చేసుకున్న సంగతి కూడా దీనితో కలిపి చూడాలి. పాత యూదు సమాధి రాళ్లు ఊరి మ్యూజియంలో ఉన్నాయి. అందమైన పూలకుండీల మధ్య ఈ సంగతి ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. సాంఘిక శాస్త్రం చెప్పినవారికి మాత్రం తెలియాలి.

రైలుబండి

పెద్దలు చాలా చెప్పారు, నాది చిన్న హెచ్చరిక. టికెట్టు తీసేటప్పుడు పేరులోని "ఓబ్ డేర్ టౌబర్" చూసుకోండి. ష్టుట్‌గార్ట్ దగ్గర నెకర్ ఒడ్డున రొట్టెన్‌బుర్గ్ అని మరో ఊరుంది. పోయిన దసరా సెలవుల్లో వచ్చిన మా బావగారు అక్కడ గది తీసుకుని, "ఏరా, కోటగోడ ఏ వైపు ఉంది" అని నాకు ఫోను చేశారు. నేను రోటెన్‌బుర్గ్ కూడలిలో నిలబడి ఆయన కోసం ఎదురుచూస్తున్నాను.

కొండవీటి బాటసారి

అందరూ రోటెన్‌బుర్గ్‌నే మెచ్చుకుంటున్నారు కాబట్టి భిన్నాభిప్రాయం ఒకటి నమోదు చేస్తున్నాను. నాన్నగారి కోరిక "చుట్టూ కోటగోడ ఉన్న ఊరు" అయితే దానికి అచ్చంగా సరిపోయేది నోర్ట్‌లింగెన్. రోటెన్‌బుర్గ్ గోడ మీద నడక మధ్యలో తెగిపోతుంది. నోర్ట్‌లింగెన్‌లో 2.7 కిలోమీటర్ల గోడ ఊరి చుట్టూ కంకణంలా పూర్తిగా ఉంది. ఎక్కిన చోటికే తిరిగి వచ్చి దిగవచ్చు. ఊరు చదును, లోయ అంచున లేదు. దాదాపు కోటిన్నర సంవత్సరాల క్రితం ఉల్క పడి ఏర్పడిన రీస్ గుంటలో ఊరు కూర్చుని ఉంది. చర్చి కట్టిన రాయి కూడా ఆ ఉల్క తాకిడికి పుట్టిన రాయే, అందులో కంటికి కనిపించనంత చిన్న వజ్రాలు ఉన్నాయి. 1970లో చంద్రుడి మీదికి వెళ్లబోయే అపోలో వ్యోమగాములు రాళ్లను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి అక్కడికి వచ్చారు. డానియేల్ అనే 90 మీటర్ల చర్చి గోపురం మీద ఇప్పటికీ కావలివాడున్నాడు, రాత్రి పది నుంచి పన్నెండు దాకా అరగంటకోసారి కేక వేస్తాడు. బస్సుల రద్దీ బాగా తక్కువ. డోనావ్యోర్ట్ మీదుగా రైలు ఉంది.

పెగ్నిట్స్ ఒడ్డు

బాటసారి గారు చెప్పినదానితో నాకు పేచీ లేదు, నోర్ట్‌లింగెన్ నాకూ ఇష్టమైన ఊరే. అయితే ఎర్లాంగెన్ నుంచి ఆ ప్రయాణం ఎక్కువసేపు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి ఊరు చదునుగా ఉండటం ఎంత ముఖ్యమో రైళ్లు మారడం తగ్గడమూ అంతే ముఖ్యం. మొదటిసారికి రోటెన్‌బుర్గ్ చాలు, ఒకే ప్రయాణంలో రెండూ చుట్టబెట్టే ప్రయత్నం మాత్రం చేయవద్దు.

గోదావరి గట్టు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. బుధవారం మధ్యాహ్నం బయలుదేరి గురువారం వెనక్కి రావాలని నిశ్చయించుకున్నాము. గోడ లోపల, కింది అంతస్తులో గది ఇస్తామని ఒకచోట నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చింది. ఒక్క సందేహం మిగిలింది. రాత్రి కావలివాడి వేషంలో లాంతరు పట్టుకుని ఊరు తిప్పే ఆయన ఉన్నారట. ఇంగ్లీషులో చెప్పేది రాత్రి ఎనిమిదింటికని చదివాను. చీకట్లో లాంతరు వెలుగులో కోట వీధులంటే నాన్నగారు చాలా ఉత్సాహపడుతున్నారు. ముందుగా బుక్ చేసుకోవాలా?

పెగ్నిట్స్ ఒడ్డు

బుక్ చేసుకోనక్కర లేదు. ఈస్టర్ నుంచి డిసెంబరు దాకా జరుగుతుంది. మార్కెట్ కూడలిలో నల్లటి అంగీ, చేతిలో గండ్రగొడ్డలిలాంటి ఈటె, లాంతరు పట్టుకుని ఆయనే వచ్చి నిలబడతారు. నగదు దగ్గర ఉంచుకోండి. కాకపోతే ఒక సంగతి నాన్నగారికి ముందే చెప్పండి. జూన్‌లో ఇక్కడ సూర్యుడు అస్తమించేది తొమ్మిదింబావు దాటాకే. ఎనిమిది గంటల ఇంగ్లీషు నడక పూర్తి వెలుతురులో జరుగుతుంది, లాంతరు అలంకారానికే. తొమ్మిదిన్నరకు జర్మన్‌లో ఇంకో నడక ఉంది, దానికి చీకటి పడుతుంది. మీ ఇద్దరిలో ఎవరికైనా జర్మన్ బాగా వస్తే, దానికి వెళ్లి నాన్నగారి చెవిలో తెలుగులో చెబుతూ నడవవచ్చు. ఆ కావలివాడి కథల్లో సగం హాస్యమే కాబట్టి అనువాదం కొంచెం ఆలస్యమైనా నవ్వు తగ్గదు. బుర్గ్ ద్వారం పెద్ద తలుపులో మనిషి వంగి దూరేంత చిన్న తలుపు ఒకటి ఉంటుంది. కోట తలుపులు మూసేశాక ఆలస్యంగా వచ్చినవారిని అందులోంచి ఒక్కొక్కరినే రానిచ్చేవారు. దాని ముందు నాన్నగారిని వంగి నిలబడమని ఒక ఫొటో తీయండి. జూన్ అయినా ఆ వేళకు చలిగాలి వీస్తుంది, అమ్మగారికి స్వెట్టరు మరచిపోకండి.

గోదావరి గట్టు

మా ఆయనకు జర్మన్ బాగానే వచ్చు, నాన్నగారి చెవిలో చెప్పే బాధ్యత ఆయనకు అప్పగించాను. నేనూ అమ్మా ఆ సమయానికి గదికి వెళ్లిపోతాము. అమ్మకు ఫోను చేసి ష్పార్గెల్ గురించి చెప్పాను. "మునక్కాడలాంటిదా" అని అడిగింది. కారప్పొడి ఇప్పటికే కొట్టించి సీసాకెత్తిందట.